అద్దాల హోటల్లో కందిపప్పు

పెద్దయ్య పోయాక చేసిన పెద్దదినం నాడు ఆయన పేరున వేసిన విస్తట్లో అన్నీ ఉన్నాయి. సామన్నం, కోడిపులుసు, కాల్చిన ఎండుచేప, చివరి రోజు దాకా ఆయన వదలని చుట్ట, పక్కన దొప్పలో జీలుగు కల్లు. కందులు మాత్రం లేవు. ఊరు కందికొత్త పండగ చేసుకుని ఇంకా పదిహేను రోజులు కాలేదు. ప్రతి ఇంటి అటక మీదా కొత్త కందులున్నాయి. ఆ ఊరికి జన్నోడుగా, అంటే పూజారిగా, ఒక జీవితకాలం బతికిన మనిషి విస్తట్లో మాత్రం ఒక్క గింజ లేదు. దుఃఖంలో పెద్దమ్మ మరిచిపోయిందనుకున్నాను. "పెద్దమ్మా, కందులెయ్యలేదు" అన్నాను. ఆమె నోట్లో చుట్ట తీసి, నన్ను ఒకసారి తేరిపార చూసి, "మర్సిపోనేదురా. నువ్వలాగ కూకో" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఊరంతటికీ తెలిసిన సంగతి ఏదో నా ఒక్కడికే తెలియదని అప్పుడు నాకు అర్థమైంది. ఆ సంగతి తిన్నగా చెబితే రెండు వాక్యాలు. కానీ దాని దగ్గరికి రావాలంటే పార్వతీపురం స్టేషను వీధి మీదుగానే రావాలి. ఆ వీధి మీద నాకున్న కోపం రెండు వాక్యాల్లో పట్టేది కాదు.

పెద్దయ్య అంటే మా నాన్నకి అన్న. నాన్న నేను నడక నేర్చేలోపే జ్వరంతో పోతే, అమ్మ కూడా ఆయన వెనకే పోతే, పిల్లలు లేని పెద్దయ్యా పెద్దమ్మా నన్ను పెంచారు. మా ఊరు పార్వతీపురానికి ఎగువన కొండ మీద ఉంటుంది. ఎంత నిటారుగా ఉంటుందంటే, మా కోళ్లు గుడ్డు పెట్టగానే అది దొర్లిపోకుండా ముందు రాయి అడ్డం పెట్టుకునేవి. ఎగువింటి కుండలో అంబలి పొంగితే దిగువింటి వాడి ముంతలో పడేది, వాడు దాన్ని తన అదృష్టం కింద జమకట్టుకునేవాడు. ఈ మాటలు బడిలో నా పిల్లలకి చెబితే నమ్మరు. కొండ ఎక్కి చూసిన వాళ్లు మాత్రం గుడ్ల సంగతి అబద్ధమై ఉండొచ్చు గానీ నిటారు సంగతి నిజమేనంటారు.

మా ఇంటి వాసన అడ్డాకు వాసన. అడవిలో అడ్డతీగ నుంచి కోసుకొచ్చిన ఆకుని పెద్దమ్మ పొద్దున్నే నీడలో పరిచేది, మీద బండలు పెట్టి చదును చేసేది, ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు దండ గుచ్చి చూరుకి కట్టేది. ఎండిన అడ్డాకుకి తడిసిన మట్టి వాసనా, పాత తోలు వాసనా కలిసి ఉంటాయి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ముందు ఆకలేస్తుంది, తరవాత ఏడుపొస్తుంది. పెద్దమ్మ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, వెదురుపుల్లలు ఒళ్లో పోసుకుని, విస్తళ్లు కుట్టేది. అడ్డపొగ పీల్చే ఆడవాళ్లని చూసి స్టేషను వీధి కుర్రాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారు. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా నోరు జారని మనిషిని వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. అందరూ విస్తరికి అంచు చుట్టూ పుల్లలు వేసి సరిపెడితే, ఆవిడ మధ్యలో ఒక పుల్ల ఎక్కువ వేసేది. "పులుసు కారితే తినీవోడి పంచె పాడవుద్ది" అనేది. ఎవరి పంచె కోసం ఆవిడ అంత శ్రమ పడిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెద్దయ్య మాట తక్కువ మనిషి. పొద్దున లేవగానే దూలానికి వేలాడే విత్తనాల సొరబుర్రల దగ్గర నిలబడి ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమి, "బాగున్నారేటి" అని అడిగేవాడు. మమ్మల్ని అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. ఆయన అబద్ధం ఆడడు. ఆడడని ఊరంతా అనేది. ఆడటం చేతకాదని పెద్దమ్మ అనేది. ఎవరి పోడులోనైనా పంట బాగా లేకపోతే మొహం మీదే "బాగునేదు" అనేవాడు. పెళ్లిచూపులకి ఆయన్ని తీసుకెళ్లడం మానేశారు. అలాంటివాడి పెంపకంలో నాలాంటి కోతలరాయుడు ఎలా తయారయ్యాడని జనం ఆశ్చర్యపోయేవారు. ఇంటికి సరిపడా నిజం ఆయనే చెప్పేస్తుంటే నాకు మిగిలింది అదొక్కటే మరి.

మా కొండల్లో ఏ పంటా కోసిన వెంటనే తినడానికి లేదు. మామిడికి ఒక కొత్త, సామలకి ఒక కొత్త, చిక్కుడుకి ఒకటి, కందికి ఒకటి. ఆ కొత్త పండగ నాడు జన్నోడు కొత్త గింజలు వండి ముందు దేవతకీ, ఆ తరవాత పోయిన పెద్దలకీ పెట్టాలి. ఆయన మొదటి ముద్ద తిన్నాక ఊరు తినాలి. అప్పటిదాకా ఆ గింజ పళ్ల మధ్య పడకూడదు. ఎక్కడ పండిన గింజైనా సరే, ఎవరింట వండినా సరే. పాత ఏటి గింజకి ఆ అంటు లేదు, దాని కొత్త నిరుడే అయిపోయింది కాబట్టి. ముందుగా కొత్త గింజ తిన్నవాడు మళ్లీ ఏడు ఆ పండగ వచ్చేదాకా ఊరి పొలిమేర అవతల పాక వేసుకుని ఉండాలి. వాడికి ఎవరూ నిప్పు ఇవ్వరు, వాడి నీడలో ఎవరూ కూర్చోరు. అలా ఏడాది గడిపి తిరిగొచ్చిన ఒక మనిషిని నా చిన్నతనంలో చూశాను. మాట్లాడటం మరిచిపోయాడు. ఎవరైనా పలకరిస్తే వెనక్కి తిరిగి, ఇంకెవర్నో పిలుస్తున్నారేమోనని చూసేవాడు.

నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో ఏడు. ఆ ఏడు కందికొత్తకి కొత్త కందుల బుట్ట నేను మోయాలని, మొదటి ముద్ద పెద్దయ్య తరవాత నేను తినాలని నిర్ణయమైంది. ఆయన తరవాత జన్నోడిని నేనేనని ఊరికి చెప్పడమన్నమాట. పండగ ఇంకా ఆరు రోజులుందనగా మేమిద్దరం విస్తళ్ల కట్టలు నెత్తిన పెట్టుకుని పార్వతీపురం దిగాం.

రైలు వచ్చాక పార్వతీపురం రెండు పార్వతీపురాలైంది. పాత ఊరు బెల్లం, చింతపండు అమ్ముకుంటూ ఉన్నచోటే ఉండిపోయింది. స్టేషను వీధి మాత్రం తాను వేరే దేశమనుకునేది. గ్రామఫోను పెట్టె పెట్టి పాటలు వినిపించే కొట్టు, కాలరున్న చొక్కాలు కుట్టే దర్జీ, గోలీ సోడా, వరసగా హోటళ్లు. ఉద్యోగం లేని కుర్రాళ్లంతా జుట్టు పక్క పాపిడి తీసి, సాయంత్రం బండి చూడటానికొచ్చి, బండి పోయాక కాఫీ తాగుతూ కూర్చునేవారు. నేను ఆ వీధిని ముక్కుతో కనిపెట్టాను. అంతకుముందు ఎప్పుడు దిగినా విస్తళ్లు పాత బజారులో ఒక షావుకారుకి ఇచ్చి, ఉప్పూ కిరసనాయిలూ తీసుకుని కొండెక్కేసేవాళ్లం. ఆ ఏడు ఆ షావుకారు పోవడంతో హోటళ్లకే తిన్నగా ఇవ్వాల్సొచ్చింది. వీధి మొదట్లోనే ఒక వాసన నన్ను చెవి పట్టుకుని లాక్కుపోయింది. వేగుతున్న పెసరట్టు, కాగుతున్న నెయ్యి, ఇంగువ, కాఫీగింజల మాడు వాసన. అప్పటిదాకా నాకు తెలిసిన వంట వాసనలు మూడే: కాలడం, ఉడకడం, పులియడం.

మొదటిది గంట హోటలు. తినడం అయినవాడు బల్ల మీద గంట కొట్టేవాడు. రెండోది పీపా హోటలు. దానికి గుమ్మంలో నీళ్లపీపా తప్ప వేరే ఘనత లేదు. మూడోది అద్దాల హోటలు. గోడకి ఇటూ అటూ నిలువుటద్దాలు, నల్లరాతి పలకలు పరిచిన బల్లలు. ఒకడు తింటుంటే పదిమంది తింటున్నట్టు కనిపించేది. ఆ యజమాని పేరు నాకు తెలుసు, రాయను. కోస్తా నుంచి వచ్చినవాడు, ఆకారాన్ని బట్టి నేను గుమ్మడికాయ అని పేరు పెట్టుకున్నాను. ఈ మూడింటికీ ఒకటే పద్ధతి. పెద్దమ్మ కుట్టిన విస్తరి ముందు గుమ్మంలోంచి లోపలికి పోవచ్చు. దాన్ని మోసుకొచ్చిన మనిషి వెనక గుమ్మానికి రావాలి. వెనక కాలవ పక్కన ఒక రాయి ఉండేది. కొండవాళ్లకి అదే బల్ల. తిన్నాక నీళ్లు చల్లి ఆ రాయిని మేమే కడగాలి. మేం కూర్చున్నందుకు రాయి మైలపడిందట. కాలవ కంపు వల్ల మాత్రం ఏమీ కాలేదట.

పెద్దయ్య ఉప్పు తేవడానికి పాత బజారుకి వెళ్తూ నన్ను అద్దాల హోటలు వెనక దింపి, "ఏదైనా పెడితే తిను గానీ, కందులు మాత్రం ముట్టకురా. మన కొత్త అవనేదు" అన్నాడు. "నాకు తెల్దేటి పెద్దయ్యా" అన్నాను. కట్టలు గోడవారగా పేర్చినందుకు గుమ్మడికాయ ఒక విస్తట్లో నాలుగు ఇడ్డెన్లు వేయించి, వాటి మీద పసుప్పచ్చగా, చిక్కగా ఏదో పులుసు పోయించాడు. నేను వేలితో కలియబెట్టి చూశాను. ముక్కలున్నాయి, మిరపకాయ ఉంది, కరివేపాకు ఉంది, ఒక్క కందిగింజ లేదు. మా ఇళ్లలో కందులు కందుల్లాగే ఉడుకుతాయి. పొట్టుతో, గుండ్రంగా, గింజకి గింజ విడిగా. కందిని తిరగట్లో పోసి బద్దలు చేసి, పొట్టు ఊడదీసి, అది కంది అని కన్నతల్లి కూడా గుర్తుపట్టనంతగా ఉడికించి మెదిపి నీళ్లలో కలిపేసే విద్య కింద దేశపు వాళ్లకి ఉందని నాకు తెలియదు. నేను మొత్తం తిన్నాను. విస్తరి నాకాను. బాగుందా అంటే, చెప్పడం నాకు ఇష్టం లేదు. బాగుంది. నా జన్మలో అంత రుచైనది మళ్లీ తినలేదు. ఆ వీధి మీద నా పగలో సగం ఆ రుచి మీదే.

తిరిగి కొండెక్కుతూ, సగం దారిలో ఊట దగ్గర ఆగినప్పుడు, నేను నోరాపుకోలేక గొప్పలు మొదలుపెట్టాను. అద్దాల్లో నాకు నూటెనిమిది మంది నేనులు కనిపించారని, కాఫీ తాగితే కళ్లలోంచి పొగ వచ్చిందని.

"ఏటి తిన్నావు?" అన్నాడు పెద్దయ్య.

"తెల్లటి ఉండలు, పసుప్పచ్చ పులుసు. ఓలమ్మో, ఆ పులుసు..."

"పసుప్పచ్చగుందా?"

"చామంతిపువ్వులాగ."

"అడుక్కి ముద్దలాగ దిగినాదా?"

"దిగింది. దాన్ని కూడా వేలితో..."

పెద్దయ్య ఉప్పుమూట కింద పెట్టాడు. ఎప్పుడో దిగువన ఒక దొర ఇంట్లో పెళ్లికి విస్తళ్లు తీసుకెళ్లినప్పుడు ఆయన ఆ వంట చూశాడట. "అది కందిరా, గుంటడా" అన్నాడు మెల్లగా. "కందిని సంపేసి సేత్తారు. నీకు సెప్పడం నాకు తోచనేదు."

తిన్నదంతా కక్కేద్దామని గొంతులో వేలు పెట్టుకున్నాను. పెద్దయ్య చెయ్యి పట్టుకుని లాగేశాడు. "కక్కితే అవద్దేటి? తిన్నావు. తిన్నది తిన్నట్టే." ఉప్పుమూట మళ్లీ నెత్తికెత్తుకుని, "నిరుటి పప్పయితే ఫరవాలేదు. కింద కోతలు ఇప్పుడే అవుతన్నాయి. పాతదే అవ్వొచ్చు. రేపెల్లి అడిగీద్దాం" అన్నాడు. పొలిమేర అవతలి పాక నాకు కళ్ల ముందు కట్టింది. పలకరిస్తే వెనక్కి తిరిగే ఆ మనిషి కూడా.

మర్నాడు కోడి కూయకుండా బయలుదేరాం. నేను ఈ కథ చెప్పేటప్పుడల్లా ఇక్కడ ఒక పులిని తెస్తాను. దారికడ్డంగా పడుకున్న పులితో పెద్దయ్య "మాకు పనుంది" అంటే అది లేచి తప్పుకుందని. ఈసారి దాన్ని తీసేస్తున్నాను. పులి లేదు.

అద్దాల హోటలు కిటకిటలాడుతోంది. వెనక గుమ్మం మూసి ఉంది. పెద్దయ్య తిన్నగా ముందు గుమ్మం మెట్ల కిందికి వెళ్లి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మడికాయ గల్లా పెట్టె వెనక నుంచి చూసి, "ఏమయ్యా, ఇటెందుకొచ్చావు? విస్తళ్లయితే వెనక్కి పో" అన్నాడు.

"విస్తళ్లు కాదు బావూ. ఒక మాట అడగడానికొచ్చినాం. నిన్న మా గుంటడికి పెట్టినారు కదా, పులుసు. అందులో పప్పు పాతదేనా?"

తింటున్న వాళ్ల చేతులు ఆగాయి. "ఏంటి?" అన్నాడు గుమ్మడికాయ.

"కందిపప్పు బావూ. పాతదే కదా?"

"పాతదా? నా హోటల్లో పాత పప్పా?" గుమ్మడికాయ లేచి నిలబడ్డాడు. "మొన్ననే దిగిన బస్తా! ఈ ఏటి పంట!"

పెద్దయ్య మొహం వాడిపోయింది. "రవ్వంత పాతది కూడా కలపనేదేటి బావూ? బాగా గుర్తుసేసుకో. నిరుటిది ఏ మూలో ఉండుంటాది."

ఒకడు పకపకా నవ్వాడు. పక్క పాపిడివాడొకడు తన విస్తట్లోకి వంగి చూసుకున్నాడు. గుమ్మడికాయ మొహం ఎర్రబడింది. "గంట హోటలువాడు పంపించాడు కదూ నిన్ను? ఎంతమంది ముందు నా పరువు తియ్యమన్నాడు?"

"గంట ఏటి బావూ, నాకు గంటలు తెల్దు. పాతదని ఒక్క మాట అనీ, నీ కాళ్లు మొక్కుతాను. పురుగులున్నా ఫరవాలేదు."

"పురుగులా!" అని గుమ్మడికాయ అరిచాడు. "ఇదిగో, పుట్టిన పిల్లల మీద ఒట్టు. నా పప్పు కొత్తది! కొత్తది! కొత్తది!" మూడుసార్లు బల్ల గుద్ది చెప్పాడు. ఒక్కో గుద్దుకీ నా ఊరు నాకు ఒక్కో కొండ దూరం జరిగిపోయింది.

పెద్దయ్య నన్ను తీసుకుని వెనక్కి నడిచాడు. కాలవ పక్కన, పప్పు చెరిగే ముసలమ్మ చేట ముందు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ్ని కూడా లోపలికి రానిచ్చేవారు కాదు. పెద్దయ్య అడిగిందంతా విని, "బస్తాలు నాను సూడను నాయినా. పోసింది సెరుగుతాను. సూసుకోండి మీరే" అని పిడికెడు పప్పు తీసి ఆయన అరచేతిలో పోసింది. ఆయన ఎండకి పట్టి చూశాడు. వాసన చూశాడు. ఆముదం రాసి నిగనిగలాడించిన ఆ బద్దలు చూపుకి ఏమీ చెప్పవు. కొత్తదా పాతదా తేలాలంటే పన్ను కింద వేసి కొరకాలి. మా వాళ్లు విత్తనాలు అలాగే పరీక్ష చేస్తారు. పాతదైతే టప్పుమని పగులుతుంది.

"నేను కొరుకుతాను పెద్దయ్యా" అన్నాను. "నేనెలాగూ..."

"నోర్ముయ్యి. నీకు పంటే తెల్దు, పప్పు తెలుస్తాదా?"

"కొత్తదైతే నీకూ తప్పే కదా? జన్నోడివి!"

ఆయన ఒక బద్ద తీసి నోట్లో వేసుకుని, పక్కపన్ను కింద పెట్టి, కళ్లు మూసుకున్నాడు. టప్పుమంది. ఆ చప్పుడు నేను ఇప్పటికీ వింటాను. కాలవలో నీళ్లు పారుతున్నాయి. లోపల ఎవడో కాఫీ కోసం కేకేశాడు. పెద్దయ్య కళ్లు తెరిచి మింగి, నా మొహంలోకి చూసి, "పాతదే" అన్నాడు.

తరవాత ఆయన చేసిన పనిని నేను ముప్పై ఏళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాను. అంత నెమ్మదైన మనిషి ఒక్క పరుగున ముందు గుమ్మానికి వెళ్లి, మెట్లెక్కి, మా కొండ నుంచి ఎవరూ పెట్టని చోట కాలు పెట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "పాతదే బావూ! నీ కడుపు సల్లగుండ, మూడేళ్ల పప్పది! నువ్వు దేవుడివి!" అని అరిచాడు. అద్దాల్లో పదిమంది పెద్దయ్యలు చేతులెత్తి అరిచారు. పక్క పాపిడివాడు విస్తరి తోసేసి లేచాడు. వాడి వెనక ఇంకొకడు. వాంతి చేసుకోబోతున్నట్టు ఒకడు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. హోటలు ఖాళీ అయింది. స్టాఫు రూముల్లో, పెళ్లి విడుదుల్లో, రైలు పెట్టెల్లో నేను ఈ కథ ఇక్కడితో ఆపుతాను. జనం కడుపులు పట్టుకుని నవ్వుతారు. దీని తరవాత ఉన్నది నేనెవరికీ చెప్పలేదు.

గుమ్మడికాయ ఇత్తడి గరిటె తీసుకుని వచ్చి పెద్దయ్య మూతి మీద కొట్టాడు. పెద్దయ్య మెట్ల మీద పడ్డాడు. కిందపడ్డ మనిషిని మళ్లీ కొట్టాడు. గోడవారగా పేర్చి ఉన్న మా విస్తళ్ల కట్టలు, పెద్దమ్మ పుల్ల ఎక్కువ వేసి కుట్టినవి, కాళ్లతో తన్నుకుంటూ తెచ్చి కాలవలోకి దొర్లించాడు. వీధిలో జనం గుమిగూడి చూశారు. గ్రామఫోను కొట్టువాడు పాట ఆపలేదు. నేను రాయి విసిరి పెద్ద అద్దం బద్దలు కొట్టానని ఎవరికైనా చెప్పి ఉంటే, అది అబద్ధం. నేను గ్రామఫోను కొట్టు చాటుకి పరిగెత్తాను. పెద్దయ్య తనంతట తాను లేచి, తలపాగా దులిపి చుట్టుకుని, నేనున్న చోటికి వచ్చి, నోట్లోంచి ఒక పన్ను ముక్క తీసి అరచేతిలో చూసుకుని, "పద" అన్నాడు. నవ్వాడు కూడా. నెత్తురు పళ్లతో. "పాతదే కదా. పద."

కందికొత్త జరిగింది. బుట్ట నేనే మోశాను. దేవతకీ పెద్దలకీ పెట్టాక, మొదటి ముద్ద పెద్దయ్య తినాల్సిన చోట, ఆయన వాచిన దవడ చూపించి, "పన్ను పోటురా. నువ్వే తినీ" అన్నాడు. ఊరంతా ఆ దెబ్బ చూసింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. నేను తిన్నాను. నా తరవాత ఊరు తింది. ఆ వేసవిలోనే, మీసాలొచ్చిన వయసులో, దిగువన బోర్డు బడిలో చదువుకి చేరాను. అక్కడి నుంచి పంతులు ఉద్యోగం, ఊరూరు బదిలీలు, కోతలు కోయడం. జన్నోడిని కాలేదు. ఇంటికి వెళ్లినప్పుడల్లా పెద్దమ్మ కందులు వండేది. పెద్దయ్య "నాను ముందే తిన్నాను" అని చుట్ట ముట్టించుకుని అరుగు మీదికి పోయేవాడు. ముప్పై ఏళ్లపాటు నాకంటే ముందే తినేసే మనిషిని నేను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

పెద్దదినం నాడు జనం వెళ్లిపోయాక పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. నోట్లో చుట్ట లేదు. "ఆ పప్పు కొత్తదేరా" అంది. "పన్ను కింద పడీసరికే తెలిసిపోనాదంట. కొత్త గింజ మెత్తగ నలుగుద్ది, పాలు వాసనేత్తాది. ఇంటికొచ్చి నాకు సెప్పినాడు."

"టప్పుమంది పెద్దమ్మా. నేను విన్నాను."

"గింజ కాదురా నువ్విన్నది. పన్నూ పన్నూ తగిల్తే సప్పుడవ్వదేటి? నీకినపడాలనే గట్టిగ కొరికినాడు."

తెలియక తప్పు చేసినవాడి తప్పుని పెద్దవాడు ఎవడైనా తెలిసి అదే తిని తన మీద వేసుకోవచ్చట. అది మా ఇంటి జన్నోళ్లకి తెలిసిన పద్ధతి. వేసుకున్నవాడు పొలిమేర దాటనక్కర్లేదు గానీ, ఆ గింజని జన్మలో మళ్లీ ముట్టకూడదు. తప్పు చేసినవాడికి చెప్పకూడదు. చెబితే దిగిపోయిన తప్పు మళ్లీ వాడి మీదికే ఎక్కుతుంది. మోసినవాడు పోయాకే చెప్పాలి. పెద్దయ్య సామకొత్త చేశాడు, మామిడికొత్త చేశాడు. కందికొత్త నాడు మాత్రం నేను చదువుకి వెళ్లిపోయాక తన మేనల్లుడి చేత చేయించి, తాను దూరంగా నిలబడేవాడట. ఏడాదికి ఆరు నెలలు కందులే తిండిగా ఉండే కొండ మీద, ఆయన కోసం పెద్దమ్మ ముప్పై ఏళ్లు వేరే కుండ పెట్టింది. ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు, జన్నోడు తాత కందులు తినడని.

కిందటి నెల బడి పని మీద పార్వతీపురం వెళ్లాను. స్టేషను వీధిలో ఇప్పుడు హోటళ్లు మరీ పెరిగాయి. ముందు గుమ్మంలోంచే వెళ్లాను, కుర్చీలో కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. అద్దాల హోటలున్న చోట వేరే పేరుతో వేరే హోటలుంది. విస్తళ్లు ఇంకా అడ్డాకువే. ఇప్పుడు అందరినీ లోపలికి రానిస్తున్నాం కదా, పాతవన్నీ ఎందుకు తవ్వుతావు అంటారు నా తోటి పంతుళ్లు. రానివ్వడం వాళ్ల గొప్పట, మరిచిపోవడం నా వంతట. నేను మరిచిపోను. వెనక కాలవ పక్కన ఆ రాయి ఇంకా ఉంది. దాని మీద ఇప్పుడు అంట్లు తోముతున్నారు. కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు, ఒప్పుకుంటుంటే నాలుక కాలుతోంది. ముప్పై ఏళ్లుగా ఆ గుమ్మడికాయని దొంగ అని, అబద్ధాలకోరని ఊరూరా చాటాను. ఆ రోజు ఆ హోటలు ముందు నిజం చెప్పింది వాడొక్కడే. అబద్ధమాడటం చేతకాని మా పెద్దయ్య ఒకే ఒక్కటి ఆడాడు. అబద్ధాలు నా వృత్తి అనుకున్నవాడిని, దాన్ని నేను కనిపెట్టలేకపోయాను.

ఆ పెద్దదినం నాడు, సంగతంతా చెప్పాక, పెద్దమ్మ లోపలికి వెళ్లి, ఉడికించిన కందులు ముంతతో తెచ్చి నా ముందు పెట్టింది. "ఎవుడి కోసం మానీసినాడో ఆడే పెట్టాల. అందుకే ఎయ్యనేదు. పెట్టు" అంది.

నేను ముంతలోంచి ఒక గింజ తీసి ముందు కొరికి చూశాను. మెత్తగా నలిగి పాల వాసన వేసింది. మిగతావన్నీ దోసిట్లోకి ఒంపుకుని ఆయన విస్తట్లో పోసి, "కొత్తవే పెద్దయ్యా" అని చెప్పాను.